ఐదు లీటర్లతో పొదిలి

పర్చూరు దగ్గర మా ఊరి నుంచి పొదిలి వెళ్ళాలంటే బస్సులు మారాలి. అంతకుమించి కష్టం లేదు. ఆడవాళ్ళకి ఇప్పుడు టిక్కెట్టు కూడా లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయినా మొన్న శివరాత్రి వెళ్ళిన వారంలో నేను పెట్రోలు కొని, రేకుల బండిలో, డొంకల వెంట పొదిలి వెళ్ళి వచ్చాను. ఊరికే తీసుకెళ్ళే బస్సు వదిలి డబ్బులు పెట్టి వెళ్ళిందేమిటా అని ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరాల తప్పులు మా మనవరాలు దిద్దింది. మాటలు మాత్రం మార్చనివ్వలేదు.

బ్యారన్‌లో బండి

బండి కట్టింది మా ఆయన. పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచెయ్యడం ఆయన పని. పాత స్కూటరు ఇంజను ఒకటి, స్కూటరు చక్రాలు నాలుగు, పురుగుమందు డ్రమ్ముల రేకు తెచ్చి, కోసి, అతికి, ఇద్దరు పట్టే కారు చేశాడు. ఊళ్ళో దాన్ని అగ్గిపెట్టె అనేవాళ్ళు. నేను ఎప్పుడూ ఎక్కలేదు. పొగ, మోత, పైగా లీటరుకి ఇరవై కిలోమీటర్లు కూడా ఇచ్చేది కాదు. ఆయన పోయాక అది, పొగాకు కాల్చడానికి కట్టిన మా బ్యారన్‌లో ఒక మూల పడి ఉంది. పొగాకు వెయ్యడం మానేసి మిరప వేస్తున్నాం కాబట్టి బ్యారన్‌కీ పని లేదు. బండి సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. అదొక్కటే దానివల్ల లాభం.

మా పెద్దవాడి కూతురు మౌనిక డిప్లొమా చదివి, చిలకలూరిపేటలో బైకులు సర్వీసింగ్ చేసే షెడ్డులో పని చేస్తుంది. ఆదివారం ఇంటికొస్తే తలంటుకోవడం కూడా మానేసి బ్యారన్‌లో దూరేది. పాత ఇంజను ఊడదీసింది. గేర్లు లేని స్కూటరు ఇంజను ఒకటి సెకండ్ హ్యాండులో తెచ్చి, బండి వెనక బిగించింది. చక్రాలకి బేరింగులు మార్చింది. ఒంటి చేత్తో నెడితే బండి కదిలి పోతుంది, అంత తేలిక అంది. బరువు తగ్గాలని రేకు తలుపులు కోసేసి, వాటి బదులు ఫ్లెక్సీ గుడ్డ కట్టింది. అది ఎవరిదో ఓణీల ఫంక్షనుకి వేసిన ఫ్లెక్సీ. నేను కూర్చునే వైపు ఎర్ర ఓణీ వేసుకున్న పిల్ల నవ్వుతూ ఉంటుంది. స్టీరింగు, సీట్లు మాత్రం తాతయ్యవే ఉంచింది.

ఈలోగా పాత ఇనప సామాను కొనే నాగేసు వచ్చాడు. బ్యారన్ గొట్టాలతో పాటు బండి కూడా కేజీల లెక్కన తీసుకుంటానన్నాడు. బండి పోతే ఆ మూల మిరపకాయల బస్తాలు పెట్టుకోవచ్చు. వచ్చే ఆదివారం రమ్మన్నాను. మౌనిక అన్నం ముందు కూర్చుని పోట్లాటకి దిగింది.

"నాయనమ్మా, అది లీటరుకి నలభై ఇస్తుంది. దాన్ని కేజీల లెక్కన అమ్ముతావా?"

"నోటితో చెబితే వంద కూడా ఇస్తుంది."

"ఏం చేస్తే నమ్ముతావో చెప్పు."

నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. పొదిలికి పోనూ రానూ డొంకల్లో రెండొందల కిలోమీటర్లు. అక్కడ మా ఆడపడుచు రత్తమ్మ ఉంది. ఏటా నేను ఆవిడకి కారానికీ పచ్చళ్ళకీ మిరపకాయలు పంపిస్తాను, ఆవిడ మాకు కందులు పంపిస్తుంది. మా నల్లరేగడిలో కందులు వేస్తే మొక్క గుబురుగా పెరుగుతుంది గానీ కాయ ఉండదు. వాళ్ళ నేలలో మిరప బతకదు. అందుకని ఈ ఇచ్చిపుచ్చుకోవడం మా అత్తగారి రోజుల నుంచీ ఉంది.

"ఐదు లీటర్లు నేను పోయిస్తా. దాంతో పొదిలి పోయి రావాలి. దారిలో ఒక్క చుక్క పోయించినా బండి నాగేసుదే. నేను పక్కనే కూర్చుని చూస్తా."

"నువ్వు కూడానా? నువ్వూ బరువే గదా నాయనమ్మా!"

"నేనే కాదు, రత్తమ్మ మిరపకాయల బస్తా కూడా వస్తుంది."

మౌనిక కంచంలో చెయ్యి కడిగేసుకుంది. అన్నం వదిలేసినందుకు తిట్టాను. పందేనికి మాత్రం ఒప్పుకుంది.

మార్టూరు ఇవతల: టీ పది రూపాయలు

మౌనిక షెడ్డులో రెండు రోజులు సెలవు పెట్టింది, శుక్రవారం తెల్లారగానే బయల్దేరాం. బండికి నంబరు ప్లేటు లేదు, అందుకని పెద్ద రోడ్డు ఎక్కకుండా డొంకలు, కాలవ కట్టలు పట్టుకుని పోవాలని మౌనిక ముందే దారి రాసుకుంది. బయల్దేరే ముందు ట్యాంకులో చీపురు పుల్ల ముంచి చూపించింది. పుల్ల మీద సగానికి ఒకటి, పావుకి ఒకటి గోళ్ళ రంగుతో గుర్తులు పెట్టింది. ఇక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయింది. నాలుగు కాయలు ఎందుకు పాడుచెయ్యడం, ఒకటి చాలన్నాను. అది కూడా తొక్కించాక తీసి కడిగి, మజ్జిగ సీసాలో పిండాను.

కూర్చున్నాక తెలిసింది, ఈ బండిలో మనిషి నేలకి జానెడు ఎత్తున ఉంటాడు. మిరప చేలు బస్సులోంచి చూస్తే ఎర్రగా, చదునుగా కనపడతాయి. ఇందులోంచి చూస్తే కాయలు మన కళ్ళకి ఎదురుగా వేలాడతాయి. ఎవరి చేలో ఆకులు ముడుచుకుపోయే బొబ్బర తెగులు ఉందో, ఎవరు మందు ఎక్కువ కొట్టారో అన్నీ కనపడుతున్నాయి. పత్తి చేలు మోడులైపోయాయి. చివరి తీతకి ఎవరూ రాలేదేమో, కొమ్మలకి అక్కడక్కడా పత్తి వేలాడుతోంది. ఏరుకోకుండా ఎలా వదిలేస్తారో నాకు అర్థం కాలేదు. కూలికి ఇచ్చే డబ్బు కూడా పత్తికి రావడం లేదని మౌనిక అంది. అయినా ఇంటి మనుషులు ఏరుకోవచ్చు.

మార్టూరు ఇంకా రాకముందే ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. మౌనిక ఇంజను ఆపలేదు, మళ్ళీ స్టార్టు చెయ్యడానికి పెట్రోలు ఎక్కువ తాగుతుందని. కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన లేచొచ్చి, ఫ్లెక్సీ మీది పిల్లని చూసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, నా చెవి దగ్గర ఏదో అడిగాడు. ఇంజను మోతలో నాకు "ఎంతకిస్తారమ్మా?" అని వినపడింది.

"నీకియ్యను. కేజీల లెక్కన మాటైపోయింది," అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. "కేజీల లెక్కేంటమ్మా?"

"పాత ఇనప సామాను కేజీల లెక్కన కాక ఎలా కొంటారు?"

మౌనిక టీ గ్లాసు కింద పెట్టేసి నవ్వింది. "నాయనమ్మా, ఆయన ఎంతకిస్తారని అడగలేదు. ఎంతిస్తుంది అని అడిగాడు."

మా వైపు అంతే. గేదెని చూసినా ఎంతిస్తుంది అంటారు, పాలు అని చెప్పక్కర్లేదు. మిరప చేను చూసినా అదే మాట, బండిని చూసినా అదే మాట. ఎంతిస్తుందో పొదిలి వెళ్ళొస్తే గానీ నాకూ తెలియదు. మౌనిక మాత్రం, "నలభై, బాబాయ్!" అని గట్టిగా అరిచింది.

"బస్సు ఊరికే కదమ్మా, ఈ డబ్బాలో ఎందుకు?" అన్నాడు ఆయన. మౌనిక టీలకి డబ్బులిచ్చేసి బండెక్కింది. టీ మాత్రం బాగుంది. అల్లం నలిపి వేశారు, నానబెట్టి తీసిన నీళ్ళు కావు.

అద్దంకి: గాలి ఊరికే

అద్దంకి చేరేసరికి ఎండ ఎక్కింది. అక్కడ పెద్ద రోడ్డు ఒకటి దాటక తప్పదు. దాటే చోట పోలీసు కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తి ఆపాడు. మౌనిక మొహం తెల్లబోయింది. నేను కాగితాల సంచీ లాంటిదేదో ఉన్నట్టు ఒళ్ళో చీర కుచ్చిళ్ళు సర్దాను. ఆయన వంగి లోపలికి తల పెట్టాడు.

"ఎంతిస్తుందమ్మా?"

"నలభై సార్," అంది మౌనిక.

"నా బండి ముప్పై అయిదు ఇచ్చి చస్తోంది," అని, అటూ ఇటూ లారీలు ఆపి మమ్మల్ని రోడ్డు దాటించాడు. దాటాక వెనక నుంచి, "ఇటు మళ్ళీ రావద్దు!" అని అరిచాడు. తిరుగు దారిలో మేము వేరే చోట దాటాం.

ఊరి చివర వెనక చక్రం పంక్చరైంది. నూరు అడుగుల్లోనే మస్తాన్ అనే ఆయన పంక్చరు షాపు. యాభై ఏళ్ళ మనిషి. రంజాను నెల, ఉపవాసంలో ఉన్నాడు. మాకు టీ చెప్పి తను తాగలేదు.

"మొన్న శివరాత్రికి నేనూ ఉన్నా," అన్నాను.

"మీది ఒక్క రోజే గదమ్మా," అన్నాడు ట్యూబు నీళ్ళల్లో ముంచుతూ. "నెలంతా ఉండి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం."

అతుకు వేస్తూ బండి సంగతంతా అడిగాడు. మౌనిక పందెం గురించి చెప్పింది. ఆయన నన్ను ఒకసారి, ఆ పిల్లని ఒకసారి చూశాడు.

"అవ్వ ఒడ్డున కూర్చుని ఈతకొట్టమంటోందన్నమాట."

"ఒడ్డున ఎక్కడ కూర్చున్నాను నాయనా, బండిలోనే కూర్చున్నాను," అన్నాను.

"పెట్రోలు పొయ్యకూడదు సరే. గాలి కొట్టకూడదని ఏమన్నా ఉందా?"

లేదన్నాను. నాలుగు చక్రాలకీ రాయిలా గట్టిగా గాలి కొట్టాడు. చక్రం గట్టిగా ఉంటే బండి జారుతూ పోతుంది, తాగేది తగ్గుతుందట. అతుక్కి యాభై తీసుకున్నాడు. మా ఊళ్ళో నలభయ్యే. గాలికి మాత్రం, "గాలి ఊరికేనమ్మా," అని చేతులు దులుపుకున్నాడు.

దర్శి దారి: ఉప్పు చేపలు, మిరపకాయలు

గుండ్లకమ్మ ఏరు దాటాక నేల రంగు మారుతుంది. నలుపు పోయి ఎరుపు వస్తుంది. తర్వాత ఎరుపులో రాళ్ళు వస్తాయి. బండి ఎక్కుడు ఎక్కుతున్నట్టు నాకు తెలియలేదు గానీ ఇంజను మూలుగు మారింది.

ఒక బస్సు స్టాపులో ఒకావిడ పెద్ద బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుని బస్సుని తిడుతోంది. ఆ బస్సు అప్పుడే దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. పేరు కోటమ్మ. సముద్రపొడ్డున కొత్తపట్నం నుంచి ఉప్పు చేపలు తెచ్చి ఈ ఎగువ ఊళ్ళలో అమ్ముకుంటుంది.

"నాకు టిక్కెట్టు లేదంట, ఎక్కమంటాడు కండక్టరు. నా బుట్టకి మాత్రం ముక్కు మూసుకుంటాడు," అంది. "బుట్ట ఎక్కకుండా నేనెక్కి ఏం చేసుకోను, ఊళ్ళు చూసి రానా?"

నాకు ఆ మాట నచ్చింది. ఎక్కమన్నాను. మౌనిక నా చెయ్యి గిల్లింది. "నాయనమ్మా, బరువు!" అంది నెమ్మదిగా.

"మొయ్యడానికే కదా బండి."

వెనక ఇంజను మీద ఒక చెక్క ఉంది, దాని మీద మిరపకాయల బస్తా. కోటమ్మ కూర్చోవడానికి ఆ బస్తాని పక్కకి తోశాం. పక్కకి అంటే చెక్కకీ రేకుకీ మధ్య సందులోకి. దాని కింద సైలెన్సరు ఉందని నాకు తెలియదు. మౌనిక కోపంలో చూసుకోలేదు.

పావుగంట బాగానే పోయాం. కోటమ్మ నాకు ఒంగోలులో చేపల ధర, ఇక్కడ చేపల ధర చెబుతోంది. ఇంతలో ఎవరో ఇంట్లో పోపు మాడ్చినట్టు వాసన వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళు లేవు. తర్వాత ముక్కులో మంట, కళ్ళలో మంట, ఆ పైన దగ్గు. మౌనిక ఎలాగో బండి ఆపింది. ముగ్గురం మూడు వైపులా దూకాం. నేను దూకి చాలా ఏళ్ళైంది. ముళ్ళ కంప పక్కన కూర్చుని కళ్ళు తెరవలేక దగ్గుతూ ఉంటే బండిలోంచి ఘాటైన పొగ సన్నగా వస్తోంది. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, మిరపకాయల కళ్ళాల్లో జీవితమంతా గడిపి, నా మిరపకాయలకి నేనే ఇలా ఏడవడం అదే మొదలు.

కోటమ్మకే ముందు దగ్గు ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, బుట్టని, బండిని, నన్ను చూసి పకపకా నవ్వింది.

"నా చేపలు నన్ను బస్సెక్కనియ్యలేదు. నీ మిరపకాయలు నీ బండిలోంచే నిన్ను దూకించినాయి గదక్కా!"

బస్తా అడుగున గోనె కాలింది. సందులో ఉన్న కాయలు నల్లగా వేగిపోయాయి. రెండు కేజీల పైన ఉంటాయి. పారేద్దామంది మౌనిక. ఎందుకు పారేస్తాం, నా పైట చెంగులో పోసుకున్నాను. అంతసేపూ ఇంజను ఆపడం ఎవరికీ తోచలేదు, అది అలాగే తిరుగుతూ పెట్రోలు తాగుతూ ఉంది. మౌనిక పరుగెత్తి ఆపింది. పుల్ల ముంచి చూసి, నాకు చూపించకుండా తుడిచి జేబులో పెట్టుకుంది.

కోటమ్మని దర్శి ఇవతల, తను వాడుకగా చేపలు అమ్ముకునే ఊళ్ళో దింపాం. ఎంతివ్వాలంది. ఏమీ వద్దన్నాను. నాలుగు చేపలు కాగితంలో చుట్టి సీటు కింద పడేసి వెళ్ళిపోయింది.

పొదిలి: నీళ్ళు కొనుక్కుంటారు

సాయంత్రం ఎండ వాలాక పొదిలి చేరాం. రత్తమ్మ వీధిలోనే ఎదురొచ్చింది. నా ఆడపడుచు నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"వదినా! మిరపకాయలు పంపమంటే వేయించి తెచ్చావా?" అంది నా పైట చెంగు చూసి. "వచ్చే ఏడు కారం కూడా కొట్టుకుని తే, నాకు రోలు పని తప్పుద్ది."

తర్వాత బండి చుట్టూ తిరిగింది. అరచేత్తో రేకు మీద రెండు దెబ్బలు వేసింది, గేదెని కొన్నట్టు.

"అన్నయ్య దీన్ని కొత్తగా కట్టినప్పుడు నన్నెక్కించుకుని చీరాల తీసుకెళ్ళాడు. వచ్చేప్పుడు మన ఊరి పొలిమేర దాకా ఎడ్లబండికి కట్టి లాక్కొచ్చారు. దారిలో ఊళ్ళన్నీ వీధుల్లో నిలబడి చూశాయి. అన్నయ్య మాత్రం స్టీరింగు వదల్లేదు, తనే తోలుకొస్తున్నట్టు తిప్పుతూ కూర్చున్నాడు."

నాకు ఆ సంగతి తెలియదు. ఆయన ఇంటికొచ్చి, బండి బాగా నడిచిందనే చెప్పాడు.

పొదిలిలో తాగే నీళ్ళు క్యాను ఇరవై. వాడుకునే నీళ్ళకి ట్యాంకరు వస్తుంది, డ్రమ్ముల లెక్కన పోసుకుంటారు. మా వైపు కాలవ వదిలితే చేలోంచి నీళ్ళు బయటికి పంపడానికి పోట్లాటలు. ఇక్కడ బియ్యం కడిగిన నీళ్ళు కుండీలోకి, కుండీలోవి గేదె కుడితిలోకి. అంట్లు తోమిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. నేను పొదుపరినని మా ఇంట్లో అందరూ ఎత్తిపొడుస్తారు. రత్తమ్మ ఇంట్లో ఒక పూట ఉంటే నేను దుబారా మనిషిని.

రాత్రి భోజనానికి వేగిపోయిన కాయలకి పని దొరికింది. కందిపొడికి ఎలాగూ మిరపకాయలు వేయించాలి. రత్తమ్మ కందిపప్పు దోరగా వేయించి, నా నల్ల కాయల్లోంచి మరీ మాడినవి ఏరేసి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచింది. వేడి సంకటిలో ఆ పొడి, నెయ్యి, పక్కన కోటమ్మ ఇచ్చిన చేపలు కాల్చినవి. పొడికి కొంచెం పెట్రోలు వాసన ఉందని మౌనిక అంది. నాకు తెలియలేదు. రెండోసారి పెట్టించుకున్నాను.

మర్నాడు ఒక రోజు ఉన్నాం. పొద్దున్నే మౌనిక నా ముందు పుల్ల ముంచింది. తడి సగం గుర్తు దాకా రాలేదు. దానికీ గుర్తుకీ మధ్య నా బొటనవేలి గోరు పట్టేంత ఖాళీ ఉంది.

"ఎక్కుడు కదా నాయనమ్మా వచ్చేప్పుడు," అంది. "పోయేప్పుడు పల్లం. సరిపోవచ్చు. ఖాళీగా పోతే."

ఖాళీగా పోవడం లేదు. రత్తమ్మ ముప్పై కేజీల కందులు బస్తాకెత్తి పెట్టింది.

"మామ్మా, దాన్ని బస్సుకి వేద్దాం," అని మౌనిక రత్తమ్మని బతిమాలింది. రత్తమ్మ నావైపు చూసింది.

"బస్తా బండిలోనే వస్తుంది," అన్నాను. "మనుషుల్ని తిప్పడానికి బస్సు ఉంది, ఊరికే తిప్పుతోంది. కోటమ్మ బుట్టనీ, నా బస్తానీ మొయ్యకపోతే ఇది ఇంక దేనికి?"

ఆ పిల్ల సైలెన్సరుకీ బస్తాకీ మధ్య అడ్డంగా ఒక రేకు పెట్టి, బస్తాని తాడుతో బిగించింది. బిగించేప్పుడు ముడి మీద కోపమంతా చూపించింది. రత్తమ్మ నన్ను వంటింట్లోకి లాగింది.

"వదినా, ఎదురింటి కుర్రాడి బైకులోంచి అరలీటరు తీసి పోద్దాం. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"నువ్వు మనిషివేనా? అది అన్నయ్య బండి!"

"అన్నయ్య బండే. ఎడ్లు కట్టి లాక్కొచ్చినదాన్ని బాగా నడిచిందని చెప్పాడు నాకు. ఇప్పుడు అలా కుదరదు. నడిస్తే నడిచిందని నా కళ్ళతో చూడాలి."

రత్తమ్మ అక్కణ్ణుంచి విసురుగా వెళ్ళిపోయింది. వెళ్ళేప్పుడు మాత్రం కందిపొడి సీసా ఇచ్చింది, నా చేతికి కాదు, మౌనిక చేతికి.

పల్లం

తిరుగు ప్రయాణం తెల్లవారుజామున, గాలి లేని వేళ మొదలుపెట్టాం. ఫ్లెక్సీ తలుపులు గాలిని పట్టుకుంటాయని మౌనిక చుట్టేసి పైకి కట్టింది. దుమ్మంతా నా మొహం మీదే. తలకి తువ్వాలు చుట్టుకున్నాను. దర్శి కాలవ కట్ట మీద గొర్రెలు అడ్డం వచ్చాయి. ఇంజను ఆపి మంద అంతా పోయేదాకా కూర్చున్నాం. గొర్రెలాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు, "ఎంతిస్తుంది?" అని. మౌనిక ఈసారి దిగి ట్యాంకులో పుల్ల ముంచింది.

దర్శి దాటాక నేల నిజంగా పల్లమే. పోయేటప్పుడు కనపడని దిగుళ్ళు వచ్చేటప్పుడు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. దిగుడు రాగానే మౌనిక ఇంజను ఆపేసేది. బండి చప్పుడు లేకుండా జారుతూ పోయేది. చక్రాల కింద రాళ్ళ చప్పుడు, పక్క చేలో పిట్టల చప్పుడు వినపడేవి. గుండ్లకమ్మ దగ్గర ఒక పెద్ద దిగుడు. మౌనిక ఎదురుగా వస్తున్న ట్రాక్టరుని చూస్తూ ఇంజను ఆపడం మరిచిపోయింది.

"ఆపు! ఆపవే! పల్లం వచ్చింది!" అని అరిచాను.

మౌనిక ఆపింది. ఆపి నావైపు తిరిగి చూసింది. "రోడ్డు చూడు," అన్నాను.

అద్దంకి దగ్గర ఆగలేదు. మస్తాన్ షాపు ముందు నుంచి పోతుంటే ఆయన ట్యూబు పట్టుకుని బయటికొచ్చి, ఇంకా నడుస్తోందా అన్నట్టు చెయ్యి తిప్పాడు. నేను చెయ్యి ఊపాను. మజ్జిగ కూడా బండిలోనే తాగాం, ఆపితే మళ్ళీ స్టార్టు చెయ్యాలని. మార్టూరు దాటాక పుల్ల ముంచితే చివర మాత్రం తడి తగిలింది. మౌనిక పుల్ల బయటికి విసిరేసింది. చూడ్డానికి ఇంకేం లేదు.

కళ్ళాల దగ్గర

మా ఊరి నీళ్ళ ట్యాంకు కనపడేదాకా వచ్చాం. అక్కడ డొంక పక్కన మా వాళ్ళ మిరపకాయల కళ్ళాలు. నేలంతా ఎర్రగా పరిచి ఉంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నారు. సరిగ్గా వాళ్ళ ముందు ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. ఇల్లు ఇంకా కిలోమీటరు పైన ఉంది.

మౌనిక స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అలాగే కూర్చుంది.

"అయిపోయింది నాయనమ్మా. నలభై రాలేదు. ముప్పై తొమ్మిది చిల్లర దగ్గర ఆగింది. నాగేసుకి ఫోన్ చేసుకో."

నేను దిగాను. నడుము పట్టేసి వెంటనే నిలబడలేకపోయాను. నిలబడి వెనక్కి పోయి, కందుల బస్తా ముడి విప్పడానికి చూశాను. ఆ పిల్ల కోపంలో వేసిన ముడి, రాలేదు.

"ఈ బస్తా నాది," అన్నాను. "పోయేప్పుడు మిరపకాయల బస్తా నాది. కోటమ్మని ఎక్కించింది నేను. కాయలు మాడుతుంటే ఇంజను ఊరికే తిరిగింది నావల్ల. ఇవన్నీ నీ లెక్కలో వేశావా?"

"పందెం పందెమే గదా. నువ్వే అన్నావ్."

"ఒక్క చుక్క పోయించినా అన్నాను. పోయించామా?"

"లేదు."

"తొయ్యకూడదు అన్నానా?"

మౌనిక తల ఎత్తింది. నేను అప్పటికే వెనక చేతులు వేశాను. ఒంటి చేత్తో నెడితే కదులుతుందని ఆ పిల్ల అన్నది అబద్ధం కాదు. కందుల బస్తాతో మాత్రం రెండు చేతులు కావాలి.

కళ్ళంలో ఆడవాళ్ళు ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఫ్లెక్సీ తలుపు సగం జారి ఎర్ర ఓణీ పిల్ల మొహం బయటపడింది.

"ఎవరికి పిన్నీ ఓణీలు, నీకా?" అని ఒకావిడ అరిచింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే లేచొచ్చి, కారం అంటిన చేతులతో తలో పక్కా పట్టుకున్నారు. మౌనిక దిగబోతే దిగొద్దన్నాను. స్టీరింగు పట్టుకునే మనిషి లోపల ఉండాలి.

వీధి మలుపు తిరగకముందే ఎదురుగా నాగేసు ట్రాలీ ఆటో వచ్చింది. ఆదివారం రమ్మన్న మాట మరిచిపోలేదు. ఆటోలో తాడు, తక్కెడ సిద్ధంగా ఉన్నాయి. మమ్మల్ని చూసి నవ్వుతూ ఆపాడు.

"ఇది నడవదని నేను ముందే చెప్పాగా పిన్నిగారూ! తాడు కట్టి ఇక్కణ్ణుంచే లాక్కుపోతా. ఇంతకీ ఎంతకిస్తారు?"

"నలభై," అన్నాను.

"కేజీ నలభయ్యా? ముప్పై దాటి ఎవరూ ఇవ్వరు పిన్నిగారూ, ఎక్కడైనా అడగండి."

"కేజీకి కాదు నాగేసూ, లీటరుకి. కందుల బస్తాతో కలిపి."

ఆడవాళ్ళు తొయ్యడం ఆపి నవ్వుతున్నారు. లోపల మౌనిక వెనక్కి తిరగలేదు. స్టీరింగు మాత్రం గట్టిగా పట్టుకుంది. నాగేసు ఆటో పక్కకి పెట్టి, తాడు అందులోనే వదిలేసి వచ్చి, బండి వెనక తనూ ఒక చెయ్యి వేశాడు.